మా వాడ మరియమ్మలు

మా వాడలో ఏడుగురు మరియమ్మలుండేవాళ్లు. పొట్టి మరియమ్మ, నల్ల మరియమ్మ, యాళ్లూరు నుంచి కోడలుగా వచ్చింది గనక యాళ్లూరు మరియమ్మ, కాన్పులు చేసే మంత్రసాని మరియమ్మ, మార్తమ్మ చెల్లెలు మరియమ్మ, గుడి పక్కింటి మరియమ్మ, ఏడో ఆమె మా జేజి. మా జేజికి ముందర ఏ గుర్తూ లేదు. వట్టి మరియమ్మ. మిగిలినోళ్లందరికంటే పెద్దది గనక ఆ పేరు ముందుగా ఆమెదే అన్నట్టు.

గోస్పాడులో పుట్టి పెరిగినదాన్ని. కుందూ నీళ్లూ, కె.సి. కెనాలు నీళ్లూ పారే నేల మాది. నేల మాది అన్నాను గానీ మడి మాది కాదు. నాట్లు మావి, కలుపు మాది, కోత మాది. ఆ మడిగట్ల మీద నిలబడి మా జేజిని పిలిచినోళ్లు ఏనాడూ ‘మరియమ్మా’ అని పిలవలేదు. ఎల్లమ్మను ఎల్లి అన్నట్టు, పుల్లమ్మను పుల్లి అన్నట్టు, మరియమ్మను ‘మరీ’ అనేవాళ్లు. “ఏమే మరీ, రేపు పది మందిని పిల్చుకోని రా”. మనం మాట్లాడేటప్పుడు వాక్యం చివర ‘మరి’ అని తగిలిస్తాం చూడండి, అర్థం పెద్దగా లేని మాట. అట్లా తోక మాట చేసి పెట్టినారు మా జేజిని. చిన్నప్పుడు నాకు అది ఆమె పేరే అనుకునేదాన్ని. పలక పట్టి అక్షరాలు నేర్చినాక గుడిలో బాప్తిస్మం పుస్తకం చూసినాను. అందులో నిండుగా ‘మరియమ్మ’ అని ఉండాది. అమ్మతో సహా.

ఈ ‘అమ్మ’ దగ్గరే నాకు చరిత్ర మీద పట్టుదల పుట్టింది. డిగ్రీలో చరిత్ర చదివింది అందుకే అంటే నమ్మరు గానీ నిజం. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. రాజుల పేర్లు, వాళ్ల బిరుదులు, వాళ్ల గుర్రాల పేర్లు కూడా పరీక్షకు బట్టీ పట్టినాను. మా జేజి పేరు ఎక్కడి నుంచి వచ్చిందో ఏ పుస్తకమూ చెప్పలేదు. అది నేనే వెతుక్కోవాల్సి వచ్చింది. వెతుకుతూ పోతే అది కృష్ణదేవరాయల పేరు కంటే పాతది, ఆయన ఏలిన దానికంటే ఎక్కువ దేశాలు తిరిగింది.

మూలం హీబ్రూ. అక్కడ ఆ పేరు మిర్యామ్. ఐగుప్తులో ఇటుకలు కోసిన బానిసల కుటుంబంలో పుట్టిన ఆడపిల్ల, మోషేకు అక్క. పేరుకు అర్థం ఏమిటనేది పండితులు ఇంకా తేల్చుకోలేదు. కొందరు ‘చేదు’ అంటారు. హీబ్రూలో మార అంటే చేదు. రూతు కథలో నయోమి మొగుణ్ణీ కొడుకుల్నీ పోగొట్టుకుని తనను ఇకమీదట మారా అని పిలవమన్నది ఆ మాటే. ఇంకొందరు ‘తిరగబాటు’ అనే మాటలోంచి తీస్తారు. మరికొందరు అసలది హీబ్రూయే కాదు, ఐగుప్తు భాషలో ‘ప్రియమైనది’ అనే అర్థమిచ్చే ‘మెరి’ నుంచి వచ్చిందంటారు. నాకు ఈ మూడోదే సబబుగా తోస్తుంది. మోషే పేరు కూడా ఐగుప్తుదేనని చాలామంది అంటారు. బానిసలు దొరల భాషలోంచి పేర్లు తీసుకోవడం మనకు తెలియని సంగతా? చేదు, తిరగబాటు, ప్రేమ. మా వాడ ఏడుగురికీ మూడూ సరిపోతాయి.

హీబ్రూ నుంచి గ్రీకులోకి పోయినప్పుడు మరియమ్ అయింది. తర్వాత చివరి ‘మ్’ ఊడిపోయి మరియ. అక్కడి నుంచి లాటిన్‌లో మరియా. రోమువాళ్లకు అప్పటికే మరియా అనే పేరు వేరేగా ఉంది. మారియుస్ అనే ఇంటిపేరు గల వంశపు ఆడపిల్లల్ని అట్లా పిలిచేవాళ్లు. దానికీ దీనికీ చుట్టరికం లేదు, ఒకే అచ్చులో పడ్డాయి అంతే. లాటిన్‌లో ఇంకో తమాషా జరిగింది. క్రీస్తుశకం 4, 5 శతాబ్దాల నాటి జెరోము అనే పండితుడు ఈ పేరుకు ‘సముద్రపు బొట్టు’ అని అర్థం చెప్పినాడు. లాటిన్‌లో ‘స్టిల్లా మారిస్’. నకళ్లు రాసేవాళ్ల చేతుల్లో స్టిల్లా కాస్తా స్టెల్లా అయింది, బొట్టు పోయి నక్షత్రం వచ్చింది. ‘సముద్ర నక్షత్రం’ అని మరియను కొలవడం అట్లా మొదలైందంటారు. మద్రాసులో స్టెల్లా మారిస్ కాలేజీకి (1947) ఆ పేరే. ఒక్క అక్షరం తేడా. మా జేజి ఆధార్ కార్డులో కూడా ఒక్క అక్షరమే తేడా. దానికి నక్షత్రం రాలేదు, పింఛను ఆగిపోయింది. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

లాటిన్ నుంచి ఊళ్లు ఊళ్లు పట్టింది ఆ పేరు. ఫ్రెంచిలో మరీ, ఇంగ్లీషులో మేరీ, దాని ముద్దుపేర్లు మోలీ, పోలీ. రష్యాలో మరీయా, ముద్దుగా మాషా. స్పెయిన్‌లో ఆ పేరు మరీ పవిత్రమని జంకి మరియ బిరుదుల్నే పేర్లుగా పెట్టుకున్నారు. డోలొరెస్ అంటే దుఃఖాలు, మెర్సెడెస్ అంటే కరుణలు. కోటీశ్వరుల కారు మీద ఉండే ఆ పేరు మా వాడ కరుణమ్మ పేరే అని ఎవరన్నా చెప్పినారా మనకు? ఐర్లండువాళ్లు ఏసు తల్లికి ముయిరె అని వేరే రూపం ఉంచుకుని, మనుషులకు మాత్రం మోయిరె అని పెట్టుకున్నారు. దేవుని తల్లి పేరు మామూలు ఆడదానికి తగదన్నమాట. ఇథియోపియాలో మగవాళ్ల పేర్లలోనూ మరియమ్ ఉంటుంది. హైలె మరియమ్ అంటే మరియ బలం. మన మరియదాసు, మరియన్న లాంటివే.

అరబ్బీలో మర్యమ్. ఖురానులో 19వ సూరా పేరు అదే. ఖురాను మొత్తంలో పేరుతో కనిపించే ఆడమనిషి ఆమె ఒక్కతే. మొగలు రాజుల కాలంలో జహంగీరు తల్లికి, ఆమె అంబేరు రాజపుత్ర ఇంటి ఆడపడుచు, 1569లో కొడుకు పుట్టినాక దక్కిన బిరుదు మరియం ఉజ్ జమానీ, ‘ఈ కాలపు మరియ’ అని. హిందువుల ఇంట పుట్టి, తురకల ఇంట మెట్టి, యూదుల పేరుతో సికంద్రాలో సమాధిలో ఉన్నది ఆమె. మా ఊళ్లో తురకల వీధిలో మర్యంబీ ఉండేది. గాజులమ్మేది. మా జేజీ ఆమె ఒకరినొకరు ‘పేరుగలామె’ అని పిలుచుకునేవాళ్లు. ఒకే పేరున్నోళ్లు పేరు పెట్టి పిలుచుకోకూడదని. ఆ ఇద్దరికీ సూరాలు తెలియవు, సువార్తలు చదవలేరు. ఇద్దరి పేరూ ఒకటేనని మాత్రం ఎట్లనో తెలుసు.

మా సీమలో ఇది వింతేమీ కాదు. పీర్ల పండక్కు మొక్కుకుని హుసేనమ్మ, దస్తగిరమ్మ అని పేర్లు పెట్టుకునే మాలోళ్లు, మాదిగోళ్లు, బోయోళ్లు ఎందరో. సుంకులమ్మ పేరన సుంకన్న, మద్దిలేటి స్వామి పేరన మద్దిలేటి. పేరు ఎక్కడ నీడనిస్తే అక్కడ కూర్చున్నారు మావోళ్లు. పేర్లకు మతం ఉంటుందని కాగితాలు వచ్చినాకే తెలిసింది.

మరియమ్మ అనగానే మారెమ్మ గుర్తొస్తుంది గదా. మారెమ్మ మన ఊరి దేవత, అమ్మవారు పోసినప్పుడు తలుచుకునే తల్లి. తమిళంలో మారియమ్మన్. తమిళంలో మారి అంటే వాన. దానికీ మిర్యామ్‌కూ వేరు వేరు. కానీ వాడలో నోళ్లకు వేళ్లతో పనిలేదు. మా జేజివాళ్ల నాయనమ్మ మారెమ్మకు పొంగలి పెట్టిన ఆడది. మనవరాలికి మరియమ్మ అని పెట్టినప్పుడు ఆమెకు కొత్త పేరేదో వచ్చినట్టు అనిపించి ఉండదు. నాకు ఇప్పుడు చదువుకున్నోళ్లు చెప్పే ‘మతం మారినారు’ అనే మాట విన్నప్పుడల్లా ఇది తడుతుంది. మారిందెంత, మారనిదెంత? దీర్ఘం ఒక్కటే పోయింది.

తెలుగులోకి ఆ పేరు రెండు దారుల్లో వచ్చింది. ఆ రెండు దారులూ ఎక్కడా కలవలేదు. చరిత్ర చదివే పిల్లలు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

మొదటి దారి ఫ్రెంచి జెసూట్లది. 18వ శతాబ్దం మొదట్లోనే పుంగనూరు, కృష్ణాపురం పక్కల వాళ్లు సన్యాసుల్లాగా కాషాయం కట్టి తిరిగినారు. వాళ్ల దగ్గర చేరినోళ్లలో రెడ్లున్నారు. తర్వాత కరువులకూ యుద్ధాలకూ వాళ్లు తూర్పుకు, గుంటూరు సీమకు తరలిపోయినారు. ఇగ్నేషియస్ వాళ్ల నోట ఇన్నయ్య అయినాడు, జేవియర్ శౌరి అయినాడు. మరియమ్మలూ ఉన్నారు. ఆ మరియమ్మలు రెడ్డి మరియమ్మలు. ఇంటిపేరు పోలేదు, పొలం పోలేదు, తోక పోలేదు. ఆ మరియమ్మను ‘మరీ’ అని పిలిచే దమ్ము ఎవరికీ లేదు.

రెండో దారి మాది. బైబిలు ముందు అచ్చులోకి రావాలి గదా. విశాఖపట్నంలో లండన్ మిషన్ దొర అగస్టస్ దెగ్రాంజి, బ్రాహ్మణుడిగా పుట్టి క్రైస్తవుడైన ఆనందరాయర్ సాయంతో తెలుగు చేసిన సువార్తలు 1812లో సెరాంపూర్‌లో అచ్చయినాయి. 1822లో లండన్ మిషన్ కడపలో మొదలైంది. 19వ శతాబ్దం మధ్యలో ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ మిషన్ ఆళ్లగడ్డ దగ్గరి ముత్యాలపాడులో దిగింది, తర్వాత నంద్యాల. ఆ మిషన్‌లోకి ఎక్కువగా పోయింది మాలోళ్లు. ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టుల దగ్గరికి ఎక్కువగా మాదిగోళ్లు పోయినారు. 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చినారు అక్కడ. దేవుడు కూడా మాకు రెండు వాడలుగానే దొరికినాడు.

1876–78 ధాత కరువు సంగతి చెప్పకుండా ఈ పేరు సంగతి చెప్పలేం. 1871, 1881 జనాభా లెక్కలకు మధ్య కర్నూలు జిల్లాలో జనం దాదాపు నాలుగో వంతు తగ్గినారు. ఎవరు చచ్చింటారో లెక్కల్లో లేకపోయినా తెలుస్తుంది. గింజ లేనోళ్లు. ఆ కరువులోనూ దాని వెనకా మిషన్ దగ్గరికి జనం పోయినారు. ‘గంజి కిరస్తానం’ అని ఎగతాళి చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గంజి పోసినోడు దేవుడు గాక, పాతరలో జొన్నలు దాచుకున్నోడు దేవుడా? మా జేజి ఈ మాట ఇంకా మొరటుగా అనేది. అచ్చు వేయడానికి లేదు.

కరువు పోయినాక కూడా జనం పోతూనే ఉన్నారు. అంటే గంజి ఒక్కటే కాదు. అక్కడ బడి ఉంది. ఉపదేశి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ముఖ్యంగా పేరు ఉంది. మనుధర్మశాస్త్రం రెండో అధ్యాయంలో పేర్లకు చట్టం రాసి పెట్టినారు. బ్రాహ్మడికి మంగళమైన పేరు, క్షత్రియుడికి బలమున్న పేరు, వైశ్యుడికి ధనమున్న పేరు, శూద్రుడికి అసహ్యం పుట్టించే పేరు. శూద్రుడికే అది, ఆ కిందున్న మాకు చట్టం రాయాల్సిన పని కూడా లేకపోయింది. పెంటమ్మ, కుప్పమ్మ, పిచ్చమ్మ. న్యాయంగా చెప్పాలంటే వరసగా బిడ్డలు పోతుంటే చావును ఏమార్చేదానికి ఇట్లాంటి పేర్లు అన్ని కులాలోళ్లూ పెట్టుకున్నారు. బిడ్డను పెంటదిబ్బ మీద పెట్టి తీసుకొచ్చి పెంటమ్మ అంటారు. అయితే వాళ్ల ఇండ్లలో పిచ్చమ్మ గారు, మా ఇండ్లలో పిచ్చి. పేరులో కాదు, పిలుపులో ఉంది కులం. మిషన్ పుస్తకంలో ‘అమ్మ’తో సహా రాసినప్పుడు, ఆదివారం ఆదివారం ఆ పూర్తి పేరుతో హాజరు పిలిచినప్పుడు, వారంలో ఒక్క రోజన్నా ఆ ఆడది ‘మరి’ కాకుండా మరియమ్మ అయింది.

ఎందుకు మరియమ్మే? రాహేలు ఉంది, రూతమ్మ ఉంది, హన్నమ్మ ఉంది. వాళ్లూ ఉన్నారు వాడలో, కానీ ఒక్కొక్కరే. ఏసు తల్లి పేరు గనక అని పాస్టరయ్యలు చెప్తారు. నాకు ఇంకొకటి తోస్తుంది. మా వాడలో అక్కచెల్లెండ్లకు మార్తమ్మ, మరియమ్మ అని జంటగా పెట్టేవాళ్లు. లూకా సువార్తలో ఆ కథ ఉంది. ఇంటికి ఏసు వస్తే అక్క మార్త వంటపనిలో సతమతమవుతుంది, చెల్లెలు మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని చెప్పింది వింటుంది. అక్క కోప్పడితే ఆయన చెల్లెలి పక్షం మాట్లాడతాడు. పొద్దున లేస్తే ఇంకొకరి మడిలో నడుం వంచే ఆడోళ్లకు, కూర్చుని వినే ఆడమనిషి కథ ఎట్లా ఉంటుందో ఆలోచించండి. మార్తలు మాకు కొత్త కాదు. మా అమ్మలందరూ మార్తలే. కూర్చున్న ఆడది కొత్త. మా జేజి అక్షరం రాకుండానే పోయింది గానీ, నేను చదువుకుంటుంటే దీపం దగ్గర ఏ పనీ చెప్పనిచ్చేది కాదు. “దాన్ని కూసోనియ్యండి” అనేది. అంతే.

పాత తెలుగు బైబిల్లో ఈ పేరు రెండుగా చీలిపోయింది. పాత నిబంధనలో మిర్యాము, కొత్త నిబంధనలో మరియ. రెండూ ఒకటేనని గుడిలో ఎవరూ చెప్పలేదు. ఆ పుస్తకంలో వాక్యాలు చాలా వరకు ‘మరియు’తో మొదలవుతాయి. చిన్నప్పుడు ప్రతి చోటా మా జేజి పేరే ఉందని చూపుడు వేలితో లెక్కపెట్టేదాన్ని. తప్పు లెక్కే గానీ సంతోషమైన లెక్క.

ఆ మిర్యాము సంగతులు రెండు మన పిల్లలకు చెప్పి తీరాలి. ఒకటి. ఐగుప్తు నుంచి సముద్రం దాటి బయటపడినాక ఆమె వాద్యం చేత పట్టి ఆడోళ్లందరినీ వెంటేసుకుని ఆడి పాడింది. మన బైబిల్లో ఆ వాద్యాన్ని తంబుర అన్నారు. తంబుర తీగల వాద్యం, కచేరీల్లో పెద్దోళ్లు కూర్చుని మీటేది. హీబ్రూలో ఉన్నది ‘తోఫ్’. గుండ్రటి చట్రానికి తోలు బిగించి చేత్తో కొట్టేది. అంటే ఏంది? మన పలక. మన డప్పు. సముద్రం దాటిన బానిసలు తంబుర మీటుతారా, పలక కొడతారా? అనువాదం చేసినోళ్లకు తోలు ముట్టుడయింది గాబోలు, తీగలు తగిలించినారు. గుడిలో మావోళ్లు పలక పక్కన పెట్టి హార్మోనియం పట్టుకున్నది ఇట్లాంటి అనువాదాల వల్లే అని నా అనుమానం. మిర్యాము చేతిలో ఉన్నది పలక అని తెలిస్తే ఎంతమంది ఇంకా కొడుతుండేవాళ్లో.

రెండోది చేదు కథ. సంఖ్యాకాండంలో మిర్యాము, అహరోను కలిసి మోషేను ప్రశ్నిస్తారు. దేవుడు అతని ఒక్కడితోనే మాట్లాడినాడా అని అడుగుతారు. మోషే చేసుకున్న కూషు దేశపు ఆడదాని గురించి కూడా నోరు పారేసుకుంటారు. ఆ మాట నేను సమర్థించను, కూషు అంటే నల్లోళ్ల దేశం. కానీ శిక్ష ఎవరికి? ఇద్దరూ అన్నారు, కుష్ఠు వచ్చింది ఆమెకు మాత్రమే. ఏడు రోజులు పాళెం వెలపల ఉంచినారు. ఆమెను లోపలికి తెచ్చిందాకా జనం అడుగు ముందుకు వేయలేదని రాసుంది. నేను ఆ చోట ఎప్పుడూ ఆగిపోతాను. ఊరి బయట ఉన్న ఒక ఆడదాని కోసం ఊరంతా ఏడు రోజులు ఆగింది. మా కోసం ఏ ఊరు ఎన్ని రోజులు ఆగింది?

దక్షిణాఫ్రికా గాయని మిరియం మకేబా సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. పుట్టినప్పటి పేరు జెంజిలె, దాని వెనక మిరియం. ఆమె పాట తెల్ల ప్రభుత్వానికి గిట్టలేదు. 1960లో పాస్‌పోర్టు రద్దు చేసి, చచ్చిపోయిన తల్లిని చూడ్డానిక్కూడా రానివ్వలేదు. 1963లో ఐక్యరాజ్య సమితిలో వర్ణవివక్ష మీద మాట్లాడింది. 1990లో గానీ తిరిగి తన నేల మీద కాలు పెట్టలేదు. ఏడు రోజులు కాదు, ముప్ఫై ఏళ్లు పాళెం వెలపల.

మళ్లీ మన దేశానికి వద్దాం. 2014లో జేజిని కర్నూలులో ఆస్పత్రిలో చేర్చినాం. అక్కడ కేరళ నర్సమ్మ ఒకామె చీటీలో పేరు చూసి మొహం విప్పార్చి, వాళ్లమ్మమ్మ పేరూ మరియమ్మేనని చెప్పింది. కేరళలో సిరియన్ క్రైస్తవుల ఇండ్లలో మరియామ్మ నిండైన పేరు, తరవాడుల పేరు. కొబ్బరితోటలూ రబ్బరుతోటలూ ఉన్న మరియామ్మలు. ఆస్తిలో కొడుకులతో సమానంగా కూతుళ్లకు వాటా రావాలని సుప్రీంకోర్టు దాకా పోయి 1986లో గెలిచిన మేరీ రాయ్ ఆ సమాజపు మనిషే. ఆ గెలుపుకు నేను దండం పెడతాను. వాటా అడగడానికి ఆస్తి ఉండాలి, అదొక్కటే నా మాట. అదే కేరళలో పొయ్‌కయిల్ యోహన్నాన్ (1879–1939) అనే దళితుడు, బాప్తిస్మం తీసుకున్నా సిరియన్లు కులం విడవలేదని చూసి, బయటికొచ్చి ప్రత్యక్ష రక్షా దైవ సభ పెట్టినాడు. తమిళ దళిత రచయిత్రి బామకు పుట్టినప్పటి పేరు ఫాస్టీనా మేరీ ఫాతిమా రాణి. అందులో మేరీ యూదుల నుంచి వచ్చింది, ఫాతిమా అరబ్బు పేరు, కానీ వచ్చింది మాత్రం 1917లో మరియ కనబడిందని చెప్పే పోర్చుగల్ ఊరి నుంచి. ఇన్ని దేశాలు ఒక్క పేరులో ఉన్నా ‘కరుక్కు’ (1992)లో ఆమె రాసింది ఒక్క వీధి గురించే. పేరు ప్రపంచమంతా తిరిగొచ్చినా మనిషి ఆ వీధి దాటలేకపోయింది.

ఆ నర్సమ్మ మంచిది. జేజిని బాగా చూసుకుంది. మీరే సభవాళ్లని అడిగింది. సి.ఎస్.ఐ. అని చెప్పినాను. మా నంద్యాలోళ్లు 1947లో సి.ఎస్.ఐ. పుట్టినప్పుడు అందులో చేరకుండా పాత ఆంగ్లికన్ సభలోనే ఉండి 1975లో గానీ కలవలేదు, మొండోళ్లం. తర్వాత ఇంటిపేరు అడిగింది. చెప్పినాను. అది విని ఆమెకేమీ అర్థం కాలేదు. మన జిల్లాలో అయితే ఇంటిపేరు వినగానే అన్నీ అర్థమైపోతాయి. అర్థం కాని మనిషితో మాట్లాడటం ఎంత హాయిగా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

ఇప్పుడు కాగితాల సంగతి. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులం వాడు కాదు. 1956లో సిక్కుల్ని చేర్చినారు, 1990లో బౌద్ధుల్ని చేర్చినారు. క్రైస్తవుల్నీ ముస్లిముల్నీ చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన దళితులు బి.సి.–సి. ఎస్.సి.లకు 15 శాతం, బి.సి.–సికి 1 శాతం. ఒక బాప్తిస్మంతో పద్నాలుగు శాతం పోతుంది. అట్రాసిటీ చట్టం పోతుంది, రిజర్వుడు సీటు పోతుంది. పోనిది ఒకటే, మడిగట్టు మీద ‘ఏమే మరీ’. అది మతం చూడదు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఈ అడ్డు తీసేయమంది. 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2023 మార్చిలో మన శాసనసభ తీర్మానం చేసి పంపింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి ఆడపిల్ల కేసులో బాప్తిస్మం పొంది, గుడికి పోతూ, ఉద్యోగం కోసం హిందువునంటే కుదరదని తేల్చింది.

ఈ ఉత్తర్వు వల్ల పేర్లకు ఏమైందో చరిత్రకారులు రాయాలి. అడ్మిషన్ రిజిస్టర్లు చూసే పంతులమ్మగా నేను రాస్తున్నాను. మా వాడలో 1950కి ముందు పుట్టినోళ్లు మరియమ్మలు, ఎలిశమ్మలు. వాళ్ల కూతుళ్లకు మధ్యే మార్గం పేర్లు. శాంతమ్మ, కరుణమ్మ, సుగుణమ్మ, జ్యోతి. గుడిలో చదివితే గుడి పేర్లు, ఆఫీసులో చదివితే ఆఫీసు పేర్లు. మూడో తరానికి, అంటే నా ఈడు వాళ్లకు, పేర్లే రెండు. రిజిస్టర్లో లక్ష్మి, గుడిలో మేరి. బడిలో చేర్చేటప్పుడు అయ్యవార్లే సలహా ఇచ్చేవాళ్లు. చాలామంది మంచి మనసుతోనే ఇచ్చినారు. పిల్లకు రెండు పేర్లుంటే ఏమైంది, అన్నం ఒకటే గదా అని. నా సర్టిఫికెట్లో ఏముందో ఇక్కడ రాయను. ఎందుకు రాయనో చదివేవాళ్లకు తెలుసు.

జేజి తరం వాళ్లకు ఆ బాధ లేదు, వాళ్లది అక్షరాల బాధ. రేషన్ కార్డులో మారెమ్మ. ఓటర్ల జాబితాలో మరియమ్మ. ఆధార్‌లో మేరియమ్మ. బ్యాంకు పుస్తకంలో మరెమ్మ. నాలుగు కాగితాల్లో నలుగురు. గ్రీకుకూ లాటిన్‌కూ మధ్య ‘మ్’ ఊడిపోతే భాషాశాస్త్రం అంటారు, మా జేజి కాగితాల్లో దీర్ఘం ఊడిపోతే ఆమె వేరే మనిషంటారు. వితంతు పింఛను ఐదు నెలలు ఆగింది. నేను ఒక ఆఫీసుకు మూడుసార్లు తిరిగినాను. అక్కడున్నాయన విసుక్కుని, “ఇంతకూ ఈమె హిందువా కిరస్తానమా, మారెమ్మా మరియమ్మా, ఏందో ఒకటి తేల్చుకోని రండి” అన్నాడు. రెండు వేల ఏళ్లుగా తేలంది నేను సోమవారం లోపల తేల్చాలంట. జేజికి వచ్చి చెప్తే, “వాడు ఏది రాస్తే అదే నేను అని చెప్పు. దుడ్లు ఇమ్మను” అంది. ఆమె 2016లో పోయింది. చావు సర్టిఫికెట్లో ఐదో రకం రాసినారు.

ఈ పేరు ఇప్పుడు తగ్గిపోతోంది. నా బడిలో మెర్సీలు, గ్రేసీలు, ఏంజెల్‌లు ఉన్నారు, బ్లెస్సీలు ఇద్దరు. మరియమ్మ ఒక్కతీ లేదు. మర్యంబీ మునిమనవరాలు ఉంది, దాని పేరు వేరే. మరియమ్మ అంటే ముసలి పేరని, వాడ పేరని తల్లులే అంటారు. ఏంజెల్ అంటే ఏ కులమో ఎవరికీ తెలియదని ఒకామె అంది. ఆ లెక్క ఎంతకాలం పనిచేస్తుందో చూడాలి. మేరీ కూడా ఒకప్పుడు అట్లాంటి పేరే.

పోయిన జూన్‌లో ఒక తల్లి బిడ్డను ఒకటో తరగతిలో చేర్చడానికి వచ్చింది. మిరపకాయల కోతకు పోయే మనిషి. బిడ్డ పేరేందని అడిగితే, “ఇంట్లో మిరియం, టీచరమ్మా. గుడిలో పెట్టినారు. మోషేకు అక్కంట గదా. ఇదీ తమ్ముణ్ణి బాగా చూసుకుంటది” అంది. రిజిస్టర్లో ఏది రాయాలని అడిగినాను. రాస్తే ఏమవుతుందో, రాయకపోతే ఏమవుతుందో, ఎస్.సి. సర్టిఫికెట్, హాస్టలు సీటు, స్కాలర్‌షిప్పు, అన్నీ నాకు తెలిసినంత చెప్పినాను. ఏం చేయమని మాత్రం చెప్పలేదు. నా సర్వీసులో ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఆమె చాలాసేపు బెంచీ మీద కూర్చుంది. బిడ్డ బయట కొళాయి దగ్గర నీళ్లు చల్లుకుంటోంది. తర్వాత మొగుడికి ఫోన్ చేసింది. అతను లారీ మీద ఉన్నాడు, ఎత్తలేదు. “రేపొస్తాను టీచరమ్మా, పేరు జాగా అట్లనే పెట్టండి” అని పోయింది.

తరగతి, పుట్టిన తేదీ, తల్లి పేరు, ఊరు రాసినాను. పేరు దగ్గర పెన్సిలుతో చుక్క పెట్టి ఉంచినాను.